నొప్పి లేని గడ్డ, సూది భయం

హోస్ట్: నమస్కారం అండి. మా పిన్నికి రొమ్ములో గడ్డ తగిలింది. నొప్పి లేదు కదా అని ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. తర్వాత సూదితో ముక్క తీసి చూసే బయాప్సీ పరీక్ష చేయాలంటే, సూది పెడితే క్యాన్సర్ పాకుతుందని ఇంకో రెండు నెలలు ఆగింది. డాక్టర్ గారూ, ముందు ఆ నొప్పి సంగతి చెప్పండి.

డాక్టర్: మొదట్లో చాలా క్యాన్సర్లకు నొప్పి ఉండదమ్మా. గడ్డ పెరిగి ఏ నరాన్నో ఎముకనో నొక్కినప్పుడు మొదలవుతుంది. అందుకే నొప్పి లేదని ధైర్యంగా ఉండకూడదు. అలాగని టెన్షన్ పడిపోవద్దు, రొమ్ములో తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. ఏదో తేల్చేది మాత్రం పరీక్షే.

హోస్ట్: మరి సూది?

డాక్టర్: గడ్డలోంచి చిన్న ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూస్తాం. అది చూడందే ఏ రకమో, ఏ మందు పనిచేస్తుందో తెలియదు. సూది వెళ్లిన దారిలో క్యాన్సర్ కణాలు అంటుకోవడం చాలా అరుదు. ఆ కొంచెం ముప్పునూ మేం పట్టించుకుంటాం. వృషణంలో గడ్డ మీద అనుమానముంటే సాధారణంగా సూది పెట్టం, వృషణాన్నే తీసి పరీక్షకు పంపుతాం. "బయాప్సీ చేశాకే పాకింది" అంటారు చూడండి, చాలాసార్లు అప్పటికే పాకి ఉంటుంది. ఆ తర్వాత తీసిన స్కాన్‌లో బయటపడుతుంది. నింద సూది మీద పడుతుంది. ఈ ఒక్క అపోహ వల్ల పోయిన నెలలు తలచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

హోస్ట్: "నేనేం పాపం చేశాను" అని ఏడ్చేదండి పిన్ని.

డాక్టర్: ఏ పాపమూ లేదు. కణం రెండుగా చీలేటప్పుడు డీఎన్‌ఏకి నకలు తయారవ్వాలి. అందులో తప్పులు దొర్లుతాయి. చాలావాటిని కణమే దిద్దుకుంటుంది. దిద్దుకోలేనివి ఏళ్ల తరబడి పోగై, ఎక్కడ ఆగాలో తెలియని కణం పుడుతుంది. వయసుతో ముప్పు పెరిగేది అందుకే. పొగాకు, మద్యం ఆ ముప్పును ఇంకా పెంచుతాయి. పుట్టుకతో వచ్చిన జన్యులోపం వల్ల వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే. ఏ అలవాటూ లేనివాళ్లకూ వస్తుంది.

హోస్ట్: రాకుండా ఆపగలిగేవి ఉన్నాయా?

డాక్టర్: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. దాదాపు ప్రతి కేసుకూ మూలం హెచ్‌పీవీ అనే వైరస్. ఆ సంగతి కనిపెట్టిన హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ ఇచ్చారు. టీకా 2006 నుంచే ఉంది. క్యాన్సర్‌గా మారకముందే, కణాల్లో మార్పు మొదలైనప్పుడే పరీక్షలో దొరుకుతుంది, అక్కడికక్కడ తీసేయొచ్చు. ఆడపిల్లలున్న ప్రతి ఇంటికీ ఈ మాట చేరాలి.

హోస్ట్: చికిత్స అనగానే అందరికీ కీమోనే గుర్తొస్తుంది.

డాక్టర్: ఒక్క ఆపరేషన్‌తోనే సరిపోయేవీ ఉన్నాయి, రేడియేషన్‌కు లొంగేవీ ఉన్నాయి. ఒక రకం రక్త క్యాన్సర్‌కు 2001లో ఇమాటినిబ్ అనే మాత్ర వచ్చింది. ఇంట్లో ఉండి రోజూ మాత్ర వేసుకుంటూ ఏళ్లకేళ్లు బతుకుతున్నవాళ్లు ఎంతోమంది.

హోస్ట్: చివరిగా ఒకటి. జుట్టు తిరిగి వస్తుందా?

డాక్టర్: కీమో వేగంగా పెరిగే కణాలను కొడుతుంది. జుట్టు కుదుళ్లూ అలాంటివే కాబట్టి రాలుతుంది. మందు ఆపాక చాలామందికి మళ్లీ వస్తుంది.

హోస్ట్: ఇది నా ప్రశ్న కాదండి. మంగళవారం పిన్నికి నాలుగో కీమో. అడిగి తెలుసుకోమని తనే చెప్పింది.