'ఆజ్ఞ'కు వ్యతిరేకపదం ఏది?

అందరికీ నమస్కారం.

'ఆజ్ఞ'కు వ్యతిరేకపదం రాయమంటే పిల్లలు 'అనాజ్ఞ' అని రాసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. న్యాయం-అన్యాయం, ఉచితం-అనుచితం చదువుకున్న పిల్లవాడికి హల్లు ముందు 'అ', అచ్చు ముందు 'అన్' వస్తుందని తెలుసు. సూత్రం సరిగ్గానే పట్టుకున్నాడు. కానీ తెలుగులో ఆ మాట ఎవరూ వాడరు.

ఆజ్ఞకు ఎదురు నిలిచే మాట, ఆ పని ఎవరు చేశారన్న దాన్నిబట్టి మారుతుంది. ఒక జీవో తీసుకోండి. జారీ చేసిన ప్రభుత్వమే వెనక్కి తీసుకుంటే ఉపసంహరణ. కోర్టు చెల్లదంటే కొట్టివేత. పాటించాల్సినవాడు పాటించకపోతే ఉల్లంఘన. తెలిసి, కావాలని లెక్కచేయకపోతే ధిక్కారం. కోర్టు ఉత్తర్వుల విషయంలో 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం కూడా ఈ 'కావాలని' అన్న షరతు పెట్టింది. అందుకే ప్రశ్నపత్రంలో ఒంటరి పదం ఇవ్వకండి, వాక్యం ఇవ్వండి.

1930 నాటి 'శాసనోల్లంఘన'నే చూడండి. లంఘించడమంటే దాటడం. ఉప్పు వండినవాళ్లు శాసనాన్ని రద్దు చేయలేదు, ఆ అధికారం వాళ్ల చేతిలో లేదు. అది అమల్లో ఉండగానే దాటారు. ఎంత కచ్చితమైన మాట!

ఉపసర్గలతోనూ, అంటే మాట ముందు చేరే 'అను', 'ప్రతి', 'అవ' వంటి వాటితోనూ జాగ్రత్త. అనుజ్ఞ అంటే అనుమతి. 'ప్రతిపక్షం' గుర్తొచ్చి 'ప్రతిజ్ఞ'ను వ్యతిరేకం అనుకుంటే పొరపాటే. అవజ్ఞ కొంత దగ్గర, కానీ అది చులకన చేయడం. ఇక పాలకుడు-పాలితుడు, యజమాని-సేవకుడు వంటి జంటల్లో ఒకరుంటేనే రెండోవారు ఉంటారు, అక్కడ 'అ' చేర్చే పనే లేదు.

అసలు చిక్కు క్రియల్లో ఉంది. రా-రాకు, రండి-రాకండి తేలికే. కానీ 'సిబ్బంది ఆదివారం రావాలి' అన్న వాక్యానికి వ్యతిరేకం రెండు రకాలు. 'రాకూడదు' అంటే నిషేధం. 'రానక్కర్లేదు' అంటే బలవంతం లేదు, వచ్చినా తప్పు లేదు. పాఠ్యపుస్తకాల్లో విధ్యర్థకం (చేయమని చెప్పే వాక్యం) పక్కన నిషేధార్థకాన్ని (చేయవద్దని చెప్పే వాక్యాన్ని) చూసి, వ్యతిరేకం అదొక్కటే అనుకుంటాం. సర్క్యులర్‌లో 'రానక్కర్లేదు' అనబోయి 'రావద్దు' అని రాస్తే, పని ఉండి వచ్చినవాణ్ని వాచ్‌మన్ గేటు దగ్గరే వెనక్కి పంపుతాడు.

'రావచ్చు' కూడా అంతే. 'మీరు లోపలికి రావచ్చు' అనుమతి, దానికి వ్యతిరేకం 'రాకూడదు'. 'సాయంత్రం వాన రావచ్చు' ఊహ, దానికి 'రాకపోవచ్చు' అనాలి. అక్కడ 'వాన రాకూడదు' అని రాస్తే అది కోరిక అయిపోతుంది.