లెక్కలంటే భయపడి బైపీసీ తీసుకుంటున్నారా? డాక్టర్ కావాలంటే ఇంటర్ దారి ఎట్ల ఎంచుకోవాలె

నమస్తే. హన్మకొండ నుంచి మాట్లాడుతున్న. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పుడు నా పని. టెన్త్ రిజల్ట్స్ వచ్చినప్పటి సంది నక్కలగుట్టల ఎటు చూసినా కాలేజీల ఫ్లెక్సీలే. తల్లిదండ్రులు ఫోన్ చేసి, "సార్, మా బిడ్డను డాక్టర్ చదివిద్దామనుకుంటున్నం, ఏ కాలేజీల వేయమంటరు?" అని అడుగుతున్నరు. కాలేజీ సంగతి తర్వాత, ముందు బిడ్డకు ఫోన్ ఇయ్యమంట. "బైపీసీ ఎందుకమ్మా?" అని అడిగితే చానా మంది చెప్పే జవాబు ఒకటే: "నాకు లెక్కలు రావు సార్."

ఈ వీడియో ఆ ఒక్క జవాబు కోసం చేస్తున్న.

బోర్డు చూడండి. డాక్టర్ సీటు కోసం రాసే నీట్ పరీక్ష మొత్తం 720 మార్కులు. బయాలజీ 90 ప్రశ్నలు, 360 మార్కులు. కెమిస్ట్రీ 45, ఫిజిక్స్ 45, ఒక్కొక్కటి 180 మార్కులు. రైటయితే నాలుగు, తప్పయితే ఒకటి కోత. 180 ప్రశ్నలకు 180 నిమిషాలు. క్యాలిక్యులేటర్ ఉండదు.

ఇది చూసి పిల్లలు ఏమనుకుంటరంటే, "సగం పేపర్ బయాలజీయే కదా, అది గట్టిగ చదివితే చాలు" అని. నేను చెప్పేది వినండి. గవర్నమెంట్ సీటు కోసం పోటీ పడే పిల్లల్ల బయాలజీ రానోళ్లు ఉండరు. అందరూ అక్కడ గట్టిగనే ఉంటరు. ఒకరి ర్యాంకు పైకి పోయి ఇంకొకరి ర్యాంకు కిందికి దిగేది ఫిజిక్స్ దగ్గర. 2024ల 720కి 720 తెచ్చుకున్న పిల్లలున్నరు. 2025ల ఫిజిక్స్ కష్టంగ వచ్చింది, ఫస్ట్ ర్యాంకుకే 686 మార్కులు.

ఒక లెక్క వేద్దాం. ఫిజిక్స్‌ల 11 రైటు, 20 తప్పు అనుకోండి. 44ల నుంచి 20 పోతే 24 మార్కులు. అదే అమ్మాయి 28 రైటు, 6 తప్పు చేస్తే 112ల నుంచి 6 పోతే 106. తేడా 82 మార్కులు. ఈ 82 బయాలజీల తెచ్చుకోవాలంటే ఎట్ల? ఇప్పటికే 320 వస్తున్న బిడ్డకు అక్కడ మిగిలినయే 40 మార్కులు. ఇగ ఎక్కడ తెస్తది?

ఇప్పుడు "లెక్కలు రావు" అనే మాటకు వద్దాం. నీట్‌కు ఏ లెక్కలు కావాలో మీకు చేసి చూపిస్త.

[బోర్డు మీద బొమ్మ గీస్తూ] ఒక బంతిని సెకనుకు 20 మీటర్ల వేగంతోటి, 30 డిగ్రీల కోణంల విసిరినం. గాలిల ఎంతసేపు ఉంటది? సూత్రం: రెండు ఇంటూ వేగం ఇంటూ సైన్ తీటా, బై జీ. సైన్ 30 అంటే సగం. జీ, అంటే భూమి గుంజుడు వల్ల వచ్చే త్వరణం, 10 అనుకుందాం. రెండు ఇరవైలు నలభై, నలభైల సగం ఇరవై, ఇరవై బై పది... రెండు సెకన్లు. అయిపోయింది. ఇండ్ల కొత్త మ్యాథ్స్ ఏముంది? సైన్ 30 సగమని మీరు టెన్త్‌ల చదివిండ్రు.

ఇంకోటి, ఇది కెమిస్ట్రీ. హైడ్రోక్లోరిక్ ఆసిడ్ గాఢత రెండు ఇంటూ టెన్ పవర్ మైనస్ త్రీ మోలార్. పీహెచ్ ఎంత? లాగ్ 2 విలువ 0.3010. మూడుల నుంచి 0.30 తీసేస్తే 2.70. గంతే. లాగ్ 2, లాగ్ 3 విలువలు నోటికొస్తే ఇసొంటి ప్రశ్న నిమిషం లోపట అయితది. రాకపోతే ఆ పిల్ల ఆప్షన్ల దిక్కు చూసుకుంట కూసుంటది.

బైపీసీల మ్యాథ్స్ సబ్జెక్టు ఉండదు గనీ, ఫిజిక్స్ పుస్తకంల మ్యాథ్స్ ఉంటది. ఎంపీసీ పిల్లలకు వెక్టర్లు, త్రికోణమితి మ్యాథ్స్ లెక్చరర్ పక్క పీరియడ్‌ల చెప్తడు. బైపీసీ పిల్లలకు ఎవ్వరూ చెప్పరు. ఫిజిక్స్ లెక్చరరేమో "ఇది మీకు తెలిసే ఉంటది" అనుకుని ముందుకు పోతడు. ఏటూరునాగారం దిక్కు నుంచి వచ్చిన ఓ అమ్మాయి మొదటి మూడు నెలలు నా క్లాసుల ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అర్థమైతుందనుకున్న. దసరా సెలవులకు ముందు నోట్సు చూస్తే తెలిసింది, ఆమెకు స్లోప్, అంటే గ్రాఫుల గీత వాలు, అంటే ఏందో తెల్వదు. టెన్త్ దాకా తెలుగు మీడియం, మాట కూడా కొత్తది. అడగక ఊకున్నది నేను, తప్పు ఆ బిడ్డది కాదు. అప్పటి సంది ఏ బ్యాచ్‌కయినా మొదటి రెండు వారాలు మ్యాథ్సే చెప్తున్న, సిలబస్ ముట్టుకోను.

మీకు కాలేజీలు తెరిచేదాకా టైముంది. రోజుకు గంటన్నర చాలు. మొదట భిన్నాలు, ఘాతాంకాలు, టెన్ పవర్ల గుణకారం. తర్వాత సైన్, కాస్, టాన్ విలువలు 0 నుంచి 90 దాకా. తర్వాత గ్రాఫు గీసుడు, స్లోప్ తీసుడు. ఆఖరికి లాగ్, వెక్టర్లు. డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్ నాలుగైదు సూత్రాలు తెలిస్తే సాలు, అవి ఫస్టియర్ మొదలైనంక నేర్చుకోవచ్చు. క్యాలిక్యులేటర్ ముట్టొద్దు, ఫోన్ల కూడా.

ఇప్పుడు కాలేజీ. అడ్మిషన్‌కు పోయినప్పుడు పీఆర్వో ర్యాంకుల బ్రోచర్ చూపిస్తడు. దాన్ని పక్కకు పెట్టి, బైపీసీకి ఫిజిక్స్ ఎవరు చెప్తరు, ఆ లెక్చరర్‌తోటి ఐదు నిమిషాలు మాట్లాడొచ్చునా అని అడగండి. వారానికి ఫిజిక్స్ పీరియడ్లు ఎన్ని, తప్పయిన ప్రశ్నలను మళ్లీ చెప్పే డౌట్ సెషన్ ఉందా, ల్యాబ్ ఎక్కడుంది, తాళం తీసి చూపిస్తరా అని అడగండి. గవర్నమెంట్ జూనియర్ కాలేజీలైనా, గురుకులాలైనా ఇవే ప్రశ్నలు. మంచి ఫిజిక్స్ సార్ ఉన్న గవర్నమెంట్ కాలేజీ, లక్షలు తీసుకునే ఏసీ క్లాసు కంటే మేలు. ఇది నేను కండ్లార చూసి చెప్తున్న.

ఇంటర్ మార్కుల గురించి అందరూ అడుగుతరు. నీట్ ర్యాంకుల ఇంటర్ మార్కులకు వెయిటేజీ లేదు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్ వాళ్లకు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ వాళ్లకు 40 శాతం ఉండాలె, ఇంగ్లిష్ పాస్ కావాలె. అందుకని ప్రాక్టికల్స్ ఎగ్గొట్టకండి. అడ్మిషన్ సాల్ ఆఖరు, డిసెంబర్ 31 నాటికి 17 ఏండ్లు నిండాలె.

ఇక్కడ ఒక మాట చెప్పకుంటే నాకు మనసొప్పది. సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం తీసుకోండి, మార్కులు పడతయి అని కాలేజీల చెప్తరు. ఆ మార్కులు మీ నీట్ ర్యాంకుకు ఒక్కటి కూడా కలవవు. రేపు వరంగల్ ఎంజీఎం దవాఖానల వార్డుకు పోతే ఎదురుంగ కూసునేది పరకాల నుంచో, గూడూరు నుంచో వచ్చిన ముసలమ్మ. "కడుపుల దేవినట్టయితుంది బిడ్డా" అంటది. ఆ మాట తెలిసిన డాక్టర్ కావాలె మనకు. తెలుగు తీసుకోండి.

తెలుగు మీడియం పిల్లలకు: నీట్ అప్లికేషన్ల తెలుగు ఎంచుకుంటే ప్రశ్నపత్రం తెలుగు, ఇంగ్లిష్ రెండిట్ల ఉంటది. అనువాదంల తేడా వస్తే ఇంగ్లిషే లెక్క. ఎంబీబీఎస్ పాఠాలు మాత్రం ఇంగ్లిష్‌లనే ఉంటయి కాబట్టి ఇంటర్‌ల ఇంగ్లిష్ మీడియంకు అలవాటు పడుడు మంచిది.

ఇప్పుడు చెప్పేది తల్లిదండ్రులు తప్పకుండ వినాలె. ఇంటర్‌కు విజయవాడకో, రాజస్థాన్ కోటాకో పంపిద్దామని ఆలోచన ఉంటే ఆగండి. 2024ల తెచ్చిన రూల్ ప్రకారం తెలంగాణ మెడికల్ సీట్లకు లోకల్ కావాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ సెకండియర్ దాకా వరుసగ నాలుగేండ్లు ఇక్కడనే చదివి, ఆ పరీక్ష ఇక్కడనే పాస్ కావాలె. 2025 సెప్టెంబర్ల సుప్రీంకోర్టు కూడా ఈ రూల్‌ను సమర్థించింది. కొన్ని రకాల ఉద్యోగుల పిల్లలకు మినహాయింపులున్నయి, మిగిలినోళ్లకు లేవు. పుట్టిన ఊరు వర్ధన్నపేటే అయినా ఇంటర్ బయట చదివితే లోకల్ పోతది. గవర్నమెంట్ కాలేజీలల్ల 15 శాతం సీట్లు ఆల్ ఇండియా కోటా కింద ఎంసీసీ, అంటే కేంద్రం మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ, నింపుతది. మిగిలిన రాష్ట్ర సీట్ల కౌన్సెలింగ్ చేసేది మన వరంగల్ల ఉన్న కాళోజీ నారాయణరావు యూనివర్సిటీయే. ఇంటర్ అయినంక నీట్ మళ్లీ రాసేటందుకు లాంగ్ టర్మ్ కోచింగ్ ఎక్కడ చేసినా లోకల్‌కు ఇబ్బంది లేదు. నాలుగేండ్ల స్టడీ సర్టిఫికెట్లు ఇప్పటి సంది ఒక్క ఫైల్ల పెట్టండి.

వెనకట మన దిక్కు మెడిసిన్ అంటే 1959ల పెట్టిన కాకతీయ మెడికల్ కాలేజీ ఒక్కటే గుర్తొచ్చేది. 2022ల మహబూబాబాద్, జగిత్యాల, మంచిర్యాల, రామగుండం వచ్చినయి. 2023ల జనగామ, భూపాలపల్లి, కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్. 2024ల ములుగు, నర్సంపేట. ఇన్ని సీట్లు ఇంటి పక్కకు వచ్చినప్పుడు లోకల్ పోగొట్టుకునుడు ఎందుకు?

ఎంపీసీ తీసుకున్నంక మనసు మారినోళ్లు కూడా ఫోన్ చేస్తరు. దారి మూసుకపోలేదు. గుర్తింపు ఉన్న బోర్డు నుంచి బయాలజీని అదనపు సబ్జెక్టుగ పాసైనా నీట్ రాయొచ్చని ఎన్ఎంసీ, అంటే నేషనల్ మెడికల్ కమిషన్, 2023 నవంబర్ల చెప్పింది. మీకు ఫిజిక్స్ చేతుల ఉంటది, బయాలజీ కూసుని చదివితే వచ్చేది. నా అనుభవంల ఇట్ల వచ్చిన పిల్లలు తొందరగ కుదురుకుంటరు.

సీటు రాకపోతే అన్న భయం కూడా ఇప్పుడే మాట్లాడుకుందాం. ఆయుర్వేదం, హోమియో సీట్లు కూడా నీట్ ర్యాంకుతోటే. ఫార్మసీ, అగ్రికల్చర్‌కు మన రాష్ట్రం పెట్టే ఎప్‌సెట్ పరీక్ష ఉంది. అండ్ల కూడా ఫిజిక్స్ ఉంది, ఆ కష్టం ఎటూ పోదు. లాంగ్ టర్మ్ చేస్తామంటే ఒకటే అడుగుత: పోయిన సాల్ పేపర్ల ఏ సబ్జెక్టుల ఎన్ని పోయినయో రాసుకున్నరా? అది రాయకుండ మళ్లీ ఏడాదంత బయాలజీయే చదివితే ర్యాంకు అక్కడిక్కడనే ఉంటది.

ఇయ్యాల చేయాల్సిన పని ఒకటుంది. పరీక్షలు అయిపోయినయని టెన్త్ మ్యాథ్స్ పుస్తకం పాత పేపర్లోనికి వేసేటట్టున్నరు, వేయకండి. త్రికోణమితి చాప్టర్ తీసి, మొదటి అభ్యాసం లెక్కలు ఈ రాత్రే చేయండి. రేపటి వీడియోల స్లోప్ చెప్త, ఒక గ్రాఫు పేపరు దగ్గర పెట్టుకుని కూసోండి.