‘పాజిటివ్’ అని రాసిన చెయ్యి

వేదిక మీద ఉన్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న ఉపాధ్యాయులకు, ఆశా కార్యకర్తలకు, వెనక బెంచీల్లో గుసగుసలాడుతున్న పిల్లలకు నమస్కారం. నిర్వాహకులు నన్ను దోమతెరల గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఈరోజు ఆగస్టు 20 కదా. 1897లో ఇదే తేదీన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ దోమల చేత కుట్టించుకున్న రోగి హుసేన్ ఖాన్. ఆయనకు దోమకు ఒక అణా ముట్టింది. నాకు రాస్ కన్నా ఆ అణాలు పుచ్చుకున్న మనిషే ఎక్కువ గుర్తుకొస్తాడు. నేను ముప్పై ఏళ్లు వేళ్లు గుచ్చి రక్తం తీసి బతికిన ల్యాబు టెక్నీషియన్ని మరి.

దోమతెరల సంగతి నా తర్వాత డాక్టరుగారు చెబుతారు. నేను ఒక చీటీ గురించి చెప్పాలి.

ఏజెన్సీలో ఒక ఆసుపత్రి. ఊరి పేరు వద్దు. అక్కడ సికిల్ సెల్ అనే, తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తపు జబ్బుకు పరీక్ష చేసేవాణ్ణి. పెద్ద యంత్రాలేమీ లేవు. అద్దం పలక మీద రక్తపు చుక్క వేసి, అందులో ఆక్సిజన్‌ను లాగేసే మెటాబైసల్ఫైట్ ద్రావణం కలిపి, పైన పల్చటి అద్దం పెట్టి, గాలి దూరకుండా అంచులకు వాజిలీన్ పూసేవాళ్లం. ఆక్సిజన్ తగ్గాక మైక్రోస్కోపులో చూస్తే, ఆ లక్షణం ఉన్నవాళ్ల ఎర్ర కణాలు కొడవలిలా వంగి కనిపిస్తాయి. అయితే ఈ పరీక్షకు ఒక లోపం ఉంది, ఉపాధ్యాయులు దయచేసి రాసుకోండి. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే ఆ జన్యువు వచ్చినవాళ్ల కణాలూ వంగుతాయి, ఇద్దరి నుంచీ వచ్చినవాళ్ల కణాలూ వంగుతాయి. మొదటివాళ్లు వాహకులు, మామూలు జీవితం గడుపుతారు. రెండోవాళ్లది జబ్బు. ఏది ఏదో తేలాలంటే నమూనా పట్నానికి వెళ్లాలి, రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూసే ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్ష చేయాలి.

ఒక పెళ్లికూతురు వచ్చింది. దుక్కలాంటి పిల్ల. కట్టెలమోపు ఎత్తుకుని కొండ ఎక్కేది. కణాలు వంగాయి. నేను చీటీ మీద ‘సికిల్ పాజిటివ్’ అని రాసి సంతకం పెట్టాను. పక్కనే ‘వాహకురాలో కాదో తేలాలి’ అని నాలుగు మాటలు రాయలేదు. ఆరోజు వరుసలో నలభై మంది ఉన్నారు. ఇది సాకని నాకు తెలుసు.

చీటీ మగపెళ్లివారికి చేరింది. పెళ్లి ఆగింది. పెళ్లికొడుక్కి పరీక్ష చేయించండని ఎవరూ అనలేదు, నేనూ అనలేదు. మూడు వారాలకు పట్నం నుంచి జవాబొచ్చింది. ఆ పిల్ల వాహకురాలు, అంతే. ఆ కాగితం పట్టుకుని వాళ్ల గూడేనికి వెళ్లాను. వాళ్ల నాన్న మంచం వేసి కూర్చోబెట్టాడు, నీళ్లిచ్చాడు, కాగితం తీసుకోలేదు. ‘మా రక్తంలోనే దోషం ఉందని మీరే కదా సారూ రాశారు’ అన్నాడు.

దోషం. ఆ మాటకు సరైన జవాబు నాకు చాలా ఏళ్ల తర్వాత దొరికింది. నిజానికి అది నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన ఊళ్లోనే ఉంది. ఎలాగో చెబుతాను.

జె.బి.ఎస్. హాల్డేన్ అని ఒక మహా శాస్త్రవేత్త. ఇంగ్లండులో పుట్టి, 1957లో మన దేశానికి వచ్చేసి, కుర్తా పైజామా తొడిగి, భారత పౌరసత్వం తీసుకున్నాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో పోయాడు. తన దేహాన్ని విద్యార్థుల చదువుకు ఇమ్మని రాసిపెట్టాడు. ఆ దేహం వచ్చింది ఇక్కడికే, మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు! పిల్లలూ, మీలో ఎందరికి తెలుసు? చేతులెత్తండి. చూశారా, రెండు చేతులు. ఎవరి విగ్రహం ఏ కూడలిలో పెట్టాలో తేలక కొట్టుకుంటాం గానీ, ఇది మాత్రం చెప్పుకోం.

సరే, విషయానికి వస్తాను. 1949లో ఆయన ఒక చిక్కుముడి విప్పే ఊహ చేశాడు. మధ్యధరా సముద్ర తీరంలో థలసీమియా అనే మరో వంశపారంపర్య రక్తపు జబ్బు జన్యువు ఎక్కువ. పిల్లల్ని చంపే జన్యువు తరాలు గడిచేకొద్దీ అడుగంటిపోవాలి కదా, ఎందుకు నిలిచింది? తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే అది వచ్చినవాళ్లు మలేరియాను తట్టుకుంటూ ఉండాలి అన్నాడు. 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో తిరిగి, సికిల్ సెల్ విషయంలో అదే జరుగుతోందని చూపించాడు. మలేరియా దట్టంగా ఉన్నచోటే సికిల్ జన్యువూ దట్టంగా ఉంది. వాహకులైన పిల్లలకు ప్రాణాంతక మలేరియా నుంచి దాదాపు 90 శాతం రక్షణ ఉంటుందని తర్వాతి లెక్కలు చెప్పాయి. క్రిమి దూరిన కణం వంగిపోతుంది, ప్లీహం దాన్ని పట్టి ఏరేస్తుంది.

మన్యం జ్వరానికి, అంటే మలేరియాకు, భయపడి మైదానం ఉద్యోగులు ఏజెన్సీ బదిలీ అంటే సెలవు పెట్టేవాళ్లు. అక్కడ తరతరాలుగా బతికినవాళ్లలో ఈ జన్యువు ఉందంటే, దాన్ని దోషం అని ఎలా అంటాం?

అయితే ఇక్కడ కొందరు వక్తల మీద నాకు కోపం. ‘జబ్బుల్లోనూ మేలుంది’ అని చప్పట్లు కొట్టించుకుంటారు. ఎవరికి మేలు? మామూలు జన్యువు కందిగింజ, సికిల్ జన్యువు మినపగింజ అనుకోండి. ఇద్దరూ వాహకులైతే అమ్మ దగ్గర రెండు రకాలూ ఒక్కొక్కటి, నాన్న దగ్గరా ఒక్కొక్కటి. ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండు మినపగింజలూ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఆ బిడ్డ ఎముకల నొప్పితో రాత్రంతా కేకలు పెడుతుంటే, ‘మీ పూర్వీకులకు ఇది మేలు చేసిందమ్మా’ అని ఆ తల్లితో చెప్పగలరా? మలేరియా లేని పట్నానికి వలస వెళ్లిన కుటుంబానికి ఆ పాత మేలూ ఉండదు, నొప్పి మాత్రం వెంట వస్తుంది.

కీళ్లవాతం, లూపస్ లాంటి స్వయం ప్రతిరక్షక జబ్బుల్లోనూ ఇలాంటి కథే ఉందని అంటున్నారు. పాత మహమ్మారులను తట్టుకున్న చురుకైన రక్షణ బలగమే ఇప్పుడు సొంత ఇంటి మీద పడుతోందట. కావచ్చు. కానీ సికిల్ సెల్ విషయంలో ఉన్నంత గట్టి సాక్ష్యం అక్కడ లేదు, తొందరపడి నమ్మకండి. జీ6పీడీ లోపం, అంటే ఎర్ర కణాలను కాపాడే ఒక ఎంజైము తక్కువగా ఉండటం, అది మాత్రం మరచిపోవద్దు. అదీ మలేరియా ఉన్న ప్రాంతాల్లోనే ఎక్కువ. ఆ లోపం ఉన్నవాళ్లకు మలేరియాకిచ్చే ప్రైమాక్విన్ బిళ్లలే ఎర్ర కణాలను పగలగొడతాయి. ఆశా అమ్మలూ, బిళ్లలు మింగాక మూత్రం నల్లగా వస్తోందని ఎవరైనా అంటే ఆ పూటే ఆపించి ఆసుపత్రికి పంపండి.

చీటీ చూపిస్తున్నారు, సమయం అయిపోయిందని. ఒక్క నిమిషం.

2023 జులైలో సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయ కార్యక్రమం మొదలైంది. ఊరూరా పరీక్షలు, కార్డులు. మంచిదే. ఈ సభలో ల్యాబుల్లో పనిచేసే కుర్రవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు, చూశాను. బాబూ, ‘పాజిటివ్’ అని ఒక్కమాట రాసి వదిలేయకండి. వాహకులైతే వాహకులని తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయండి. పెళ్లికూతురి వేలు గుచ్చితే పెళ్లికొడుకు వేలూ గుచ్చండి.

ఆ పిల్లకు తర్వాత వేరే సంబంధం కుదిరిందట, నాకు కబురు రాలేదు. నేను పదవీ విరమణ చేశాక ఒకసారి సంతలో కనిపించింది. చంకలో మనవరాలు. నన్ను గుర్తుపట్టింది. సీతాఫలాలు నాలుగు సంచిలో వేసి, డబ్బు పుచ్చుకుంది, చిల్లర సరిగ్గా లెక్కపెట్టి ఇచ్చింది. మాట్లాడలేదు.

మైకు ఇచ్చేస్తున్నాను, డాక్టరుగారూ రండి.