రెండు రూపాయల మిత్తి లెక్క

సభలో కూర్చున్న పెద్దలకు, మహిళా సంఘాల అక్కాచెల్లెళ్లకు నమస్కారం.

మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో అప్పు మాట వచ్చినప్పుడు ఎవరూ శాతం అనరు. రెండు రూపాయల మిత్తి, మూడు రూపాయల మిత్తి అంటారు; మిత్తి అంటే వడ్డీ. నూటికి నెలకు 2 రూపాయలంటే ఏడాదికి 24 అని లెక్క కట్టలేని రైతు లేడు. అయినా రెండు అన్న మాట చెవికి తేలికగా వినిపిస్తుంది, బ్యాంకులో చెప్పే తొమ్మిది బరువుగా తోస్తుంది. ఒకటి నెల లెక్క, మరొకటి ఏడాది లెక్క అన్న సంగతి అవసరం ముంచుకొచ్చిన పూట గుర్తుకు రాదు.

2 లక్షల అప్పే తీసుకుందాం. తొమ్మిది శాతం చొప్పున ఏడాదికి 18,000 మిత్తి అవుతుంది, రెండు రూపాయల చొప్పున 48,000 అవుతుంది. తేడా 30,000. పొడవు పింజ పత్తికి 2025-26లో కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు కాబట్టి, ఆ తేడా దాదాపు నాలుగు క్వింటాళ్ల పత్తికి సమానం. అదీ ఆ ధర చేతికి వస్తేనే.

ఇంతకన్నా చవకైన అప్పు లేదా అంటే ఉంది. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల వరకు పంట రుణం ఏడు శాతానికి ఇస్తారు, గడువులోగా కట్టినవారికి మూడు శాతం తగ్గిస్తారు. మిగిలే నాలుగు శాతాన్ని మన ఊరి భాషలో చెబితే 33 పైసల మిత్తి. మరి రెండు రూపాయలకు ఎవరు తెస్తున్నారు? ఎక్కువగా కౌలు రైతులు. పట్టా పాసుపుస్తకం భూమి యజమాని పేరు మీద ఉంటుంది, పెట్టుబడి మాత్రం కౌలుదారు పెడతాడు. అతనికి తెలివి చెప్పవలసిన అవసరం లేదు. అతని చేతిలో కాగితం లేదు, అంతే.

బ్యాంకులో బంగారం అప్పుల కౌంటరు దగ్గర చాలా ఏళ్లు కూర్చున్నవాణ్ని. మృగశిర కార్తె ప్రవేశించిందంటే రద్దీ మొదలయ్యేది. ఒకామె కొంగుముడి విప్పి పుస్తెలతాడు బల్ల మీద పెట్టి, కంసాలి దాన్ని గీటురాయి మీద రుద్దుతున్నంతసేపూ ఆ రాయి వంకే చూస్తూ నిలబడేది. "పత్తి అమ్మినంక ఇడిపిచ్చుకుంట సారూ" అనేది. ఏడాది తిరిగేసరికి మిత్తి మాత్రం కట్టి, కాగితం మార్పించుకుని, బంగారం ధర పెరిగింది కదా అని ఇంకొంత పైకం తీసుకునేది. అప్పట్లో నేనూ దాన్ని సౌకర్యమనే అనుకున్నాను. ధర పెరిగితే అప్పు పుట్టే మాట నిజమే గాని, తీర్చే శక్తి పెరగదు. నగ మాత్రం ఏళ్ల తరబడి లాకరు దాటి బయటికి రాదు.

2025 ఏప్రిల్‌లో 10 గ్రాముల మేలిమి బంగారం మొదటిసారి లక్ష రూపాయలు తాకింది. ఆ తరువాత జూన్‌లో రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు ప్రకటించింది. వాటి ప్రకారం 2026 ఏప్రిల్ 1 నుండి సొంత ఖర్చులకు తీసుకునే రెండున్నర లక్షల లోపు అప్పుకు నగ విలువలో 85 శాతం వరకు ఇవ్వవచ్చు, 5 లక్షల వరకు 80, ఆ పైన 75. అసలు, మిత్తి కలిపి చివర్లో ఒకేసారి కట్టే అప్పయితే, గడువునాటికి కట్టవలసిన మొత్తమంతా ఆ పరిమితిలోనే ఇమడాలి. కాబట్టి 85 శాతం మొత్తం చేతికి వస్తుందనుకుని పెళ్లి ఖర్చుకు లెక్కలు వేసుకోకండి.

చిట్టీల గురించి ఒక్క మాట చాలు. రిజిస్టరైన చిట్టీలో నిర్వాహకుడి కమీషన్ 7 శాతం దాటకూడదని 2019 చట్ట సవరణ చెబుతుంది; వాడకట్టులో నోటి మాట మీద నడిచే చిట్టీకి ఆ కట్టడి గాని, మునిగితే రక్షణ గాని లేదు.

అన్నిటికన్నా ఖరీదైనది రోజువారీ ఫైనాన్స్. క్లాక్ టవర్ దగ్గర బండి మీద కూరగాయలు అమ్మే మనిషి 10,000 అప్పు రాయించుకుంటే, ముందే 1,000 పట్టుకుని 9,000 చేతిలో పెడతారనుకుందాం. రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యే కదా అనిపిస్తుంది. అయితే మొదటి రోజు నుండే అసలు తరుగుతూ పోతుంది కనుక, సగటున అతని దగ్గర ఉన్నది నాలుగున్నర వేలే. దాని మీద వంద రోజులకు వెయ్యి అంటే ఏడాదికి 80 శాతం పైన. మన భాషలో ఆరున్నర రూపాయల మిత్తి దాటినట్టు. ఆ మాట అదే మాటగా చెప్పి అప్పు ఇస్తామంటే ఎంతమంది సంతకం పెడతారు?

మీలో ఎవరి దగ్గరైనా ఇటువంటి అప్పు చీటీ గాని, బంగారం అప్పు రసీదు గాని ఉంటే, పేరున్న చోట మడిచి ఇటు ఇవ్వండి. బోర్డు ఉంది, సుద్దముక్క ఉంది. ఒక్కొక్కటిగా ఏడాది లెక్కలోకి మార్చి చూద్దాం.