ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టడం తేలిక, ఆపడమే అసలు వైద్యం

అందరికీ నమస్కారం. స్టెరాయిడ్ అనే మాట చెవిన పడగానే కొందరు "అమ్మో, నాకొద్దు" అంటారు, ఇంకొందరు "అదే రాయండి డాక్టర్ గారూ, పోయినసారి రెండు రోజుల్లో లేచి తిరిగాను" అంటారు. చాలా ఏళ్లుగా కీళ్లవాతం రోగులను చూస్తున్నాను, నాకు భయపడేవాళ్ల గురించి పెద్దగా దిగులు లేదు, వాళ్లకు కూర్చోబెట్టి చెప్తే అర్థమవుతుంది. బాగైపోయింది కదా అని ఒకరోజు ఉదయం తమంతట తామే మాత్ర ఆపేసేవాళ్లను తలుచుకుంటేనే టెన్షన్. ఈరోజు వచ్చింది ముఖ్యంగా వాళ్ల కోసమే.

ప్రెడ్నిసొలోన్ కూడా ఒక స్టెరాయిడ్ మాత్రే. ముందు ఈ మందు ఎక్కడిదో చెప్తాను. మన రెండు కిడ్నీల మీద టోపీల్లా చిన్న గ్రంథులు ఉంటాయి, అడ్రినల్ గ్రంథులంటారు. అవి రోజూ కార్టిసాల్ అనే హార్మోన్ తయారుచేస్తాయి, తెల్లవారుజామున ఎక్కువగా, రాత్రికి తక్కువగా. బీపీ పడిపోకుండా, షుగర్ పడిపోకుండా, ఒంట్లో వాపు హద్దు దాటకుండా చూసేది అదే. మామూలు మనిషి ఒంట్లో రోజంతా తయారయ్యే కార్టిసాల్ బలం సుమారుగా 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌కు సమానం. ఈ 5 అనే అంకెను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు 1929లో ఒక విషయం గమనించాడు. కీళ్లవాతంతో బాధపడుతున్న రోగికి కామెర్లు వచ్చాయి, వచ్చాక కీళ్ల నొప్పులు తగ్గిపోయాయి. గర్భంతో ఉన్న స్త్రీలలోనూ ఇలాగే తగ్గడం చూశాడు. అంటే ఈ జబ్బును వెనక్కి తగ్గించగల పదార్థం ఏదో ఒంట్లోనే ఉందన్నమాట. దాన్ని పట్టుకోవడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. అక్కడే పనిచేసే ఎడ్వర్డ్ కెండాల్ మొదట అడ్రినల్ గ్రంథుల నుంచి వేరుచేసి కనిపెట్టిన, కార్టిసాల్‌కు దగ్గరి చుట్టమైన కార్టిసోన్‌ను 1948 సెప్టెంబరులో 29 ఏళ్ల రోగికి ఇచ్చారు. మంచం దిగడమే కష్టంగా ఉన్న ఆమె కొద్ది రోజుల్లోనే నడిచింది. 1950లో హెంచ్, కెండాల్, స్విట్జర్లాండ్‌లో పనిచేసిన రైక్‌స్టైన్ ముగ్గురికీ నోబెల్ ఇచ్చారు, రెండేళ్లు దాటగానే! కానీ ఆ రెండేళ్లలోనే ఇంకో సంగతి కూడా బయటపడింది: ఎక్కువ డోసులో ఇస్తుంటే ముఖాలు గుండ్రంగా ఉబ్బుతున్నాయి, కొందరికి మనసు అదుపు తప్పుతోంది, ఆపగానే నొప్పి తిరిగొస్తోంది. మంచీ చెడూ రెండూ మొదటి రోజుల నుంచే కళ్లముందు ఉన్నాయి.

పశువుల పైత్యరసం నుంచి ముప్పైకి పైగా దశల్లో కార్టిసోన్ తయారుచేయాల్సి వచ్చేది, అందుకే మొదట్లో దానికి అంత కరువు. 1950ల మధ్యలో షేరింగ్ కంపెనీలో ఆర్థర్ నోబిల్ బృందం బ్యాక్టీరియా సాయంతో ఆ అణువులో ఒక్క బంధాన్ని మార్చింది. అలా వచ్చినవే ప్రెడ్నిసోన్, ప్రెడ్నిసొలోన్. బలం సుమారు నాలుగు రెట్లు పెరిగింది, ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచిపోవడం తగ్గింది. తర్వాత వచ్చిన డెక్సామెథసోన్ ఇంకా గట్టిది, అది 0.75 మిల్లీగ్రాములు ఇస్తే 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ ఇచ్చినట్టే. కాబట్టి "చిన్న మాత్రే కదా" అనే మాట ఈ మందుల విషయంలో పనికిరాదు. అన్నట్టు, కండలు పెంచడానికి కొందరు వాడే స్టెరాయిడ్లు వేరే జాతి, వాటితో దీన్ని కలపకండి.

ఇది కణంలోపలికి వెళ్లి, అక్కడ దీన్ని అందుకునే ప్రొటీన్‌ను, అంటే గ్రాహకాన్ని, అతుక్కుని, కేంద్రకంలోకి చేరి, వాపు పుట్టించే జన్యువుల్ని అణిచిపెడుతుంది. అందుకే పనిచేయడానికి కొన్ని గంటలు పడుతుంది. దీనికి మన కీలును కొరికే తెల్లకణమూ, క్షయ క్రిమిని కాపలా కాసే తెల్లకణమూ ఒకటే, రెండింటినీ నెమ్మదింపజేస్తుంది. 2020లో బ్రిటన్‌లో రికవరీ ట్రయల్ అనే పరిశోధన ఈ సంగతిని చాలా స్పష్టంగా చూపించింది. రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ పది రోజుల వరకు ఇస్తే, వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల్లో మరణాలు మూడో వంతు తగ్గాయి, ఆక్సిజన్ మీదున్నవాళ్లలో ఐదో వంతు తగ్గాయి, ఆక్సిజన్ అవసరమే లేనివాళ్లకు మాత్రం ఏ లాభమూ కనిపించలేదు. మందు అదే, డోసూ అదే, ఎవరికి ఏ దశలో పడిందన్నదే తేడా.

ఇప్పుడు ఆ 5 దగ్గరికి వద్దాం. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి రక్తంలో కార్టిసాల్ ఎంతుందో చూసుకుంటూ, తగ్గితే తయారుచేయమని అడ్రినల్‌కు కబురు పంపుతుంది. మీరు రోజూ 20, 30 మిల్లీగ్రాములు వేసుకుంటుంటే రక్తం నిండా సరుకు కనిపిస్తుంది, కబురు ఆగిపోతుంది, పని లేక గ్రంథులు కుంచించుకుపోతాయి. మూడు వారాలు దాటి వాడితే ఇలా జరగొచ్చని అనుకునే మేము జాగ్రత్తపడతాం. అవి మళ్లీ మేలుకోవడానికి వారాలు పడుతుంది, కొందరికి నెలలు. ఈలోగా మాత్ర ఆపేస్తే బయటి నుంచి రాదు, లోపలి నుంచీ రాదు.

నేను చూసిన ఒకామె ఐదు నెలలు వాడి, ముఖం ఉబ్బిందని ఎవరికీ చెప్పకుండా మానేసింది. కొన్ని రోజులకు జ్వరం, వాంతులు, నిలబడితే కళ్లు తిరగడం. ఏదో పడనిది తిన్నదని అందరూ అనుకున్నారు, బీపీ పడిపోతుంటే సెలైన్ ఎక్కిస్తూనే ఉన్నాం, మొదటి గంటలో నేను కూడా "ఏ మాత్ర ఆపేశావమ్మా" అని అడగలేదు. అడిగి, హైడ్రోకార్టిసోన్, అంటే మందు రూపంలో ఉండే కార్టిసాల్, ఇంజెక్షన్‌గా ఇచ్చాక కోలుకుంది. ఆ గంట నాకు ఇప్పటికీ గుర్తుంది, ఇవాళ ఇంత గట్టిగా చెప్పడానికి అదీ ఒక కారణం.

తగ్గించే పద్ధతి మీ డాక్టరే రాసిస్తారు. సాధారణంగా పై డోసుల్లో కాస్త త్వరగా, కిందికొచ్చేకొద్దీ, ముఖ్యంగా 7.5, 5 దగ్గరికి వచ్చాక, చాలా నిదానంగా దిగుతాం, ఒక్కో మిల్లీగ్రామే తగ్గించి కొన్ని వారాలు ఆగుతాం. దిగేటప్పుడు ఒళ్లునొప్పులు, నీరసం ఉండొచ్చు. జబ్బు తిరగబెట్టిందని కంగారుపడి మళ్లీ పాత డోసుకు మీరే ఎక్కొద్దు, ఫోన్ చేసి అడగండి. ఇంకోటి, వాడుతున్నప్పుడు గట్టి జ్వరం వచ్చినా, ఆపరేషన్ పడినా డోసు పెంచాల్సి రావచ్చు, వాంతులై మాత్ర నిలవకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. స్టెరాయిడ్ వాడుతున్నట్టు రాసిన కార్డు ఒకటి జేబులో పెట్టుకోండి, మీరు మాట్లాడలేని స్థితిలో మీ తరఫున మాట్లాడేది అదే.

దుష్ప్రభావాల గురించి అడిగితే అందరూ ముఖం, బరువు అంటారు, ఎందుకంటే అవి అద్దంలో కనిపిస్తాయి. నన్ను భయపెట్టేవి కనిపించనివి. ఎముకలు గుల్లబారడం మొదటి ఆరు నెలల్లోనే వేగంగా జరుగుతుంది, అందుకే కాల్షియం, విటమిన్ డి మొదటి చీటీలోనే ఉండాలి. గజ్జల్లో మొదలై తగ్గని నొప్పి తుంటి ఎముకకు రక్తం అందట్లేదన్న సూచన కావచ్చు. కంట్లో శుక్లం, నీటికాసులు చప్పుడు లేకుండా వస్తాయి. షుగర్ సంగతి ఇంకా తమాషా, ఉదయం మాత్ర వేసుకుంటే మధ్యాహ్నం తర్వాత పెరుగుతుంది, పరగడుపున చూపించుకుంటే నార్మల్ అనే వస్తుంది! తిన్నాక కూడా చూపించుకోండి. మాత్రను ఉదయమే, ఏదైనా తిన్నాక వేసుకోండి, సాయంత్రం వేసుకుంటే నిద్ర పట్టదు. నొప్పి మాత్రలు దీనితోపాటు మింగితే కడుపులో పుండు పడే ముప్పు పెరుగుతుంది.

ఆస్తమా ఇన్హేలర్లలో ఉండేది మైక్రోగ్రాముల్లో, దానికి ఇంత భయం అక్కర్లేదు, పీల్చాక నోరు పుక్కిలిస్తే చాలు. క్రీముల్లో మాత్రం, తామర మీద స్టెరాయిడ్ రాస్తే దురద తగ్గుతుంది, ఫంగస్ హాయిగా పాకుతుంది.

వచ్చేటప్పుడు మీరు వాడుతున్న మందుల స్ట్రిప్పులు తెచ్చుకోమన్నాం కదా, బయటికి తీయండి. కంపెనీ పెట్టిన పెద్దక్షరాల పేరు వదిలేసి కింద చిన్నక్షరాల్లో ఉన్నది చూడండి. చివర "సొలోన్" అనో "సోన్" అనో ఉందా? డెఫ్లాజాకార్ట్ అని ఉన్నా అదీ ఈ కుటుంబమే. ఉన్నవాళ్లు చేతులెత్తండి, ఎన్నాళ్లుగా వాడుతున్నారో ఒక్కొక్కరుగా చెప్పండి.