డల్లాస్ పెరట్లో బ్లూబెర్రీ: కుండీ, మట్టి, నీళ్లు

నమస్తే అండీ. ఇవాళ బ్లూబెర్రీ. డల్లాస్, ఫ్రిస్కో, ప్లేనో వైపు ఉన్నవాళ్లు బాగా చూడండి. ఇక్కడ చాలా పెరళ్లలో ఉండేది సున్నం ఎక్కువున్న నల్ల బంకమట్టి, పీహెచ్ 8 దాకా ఉంటుంది. పీహెచ్ అంటే ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. బ్లూబెర్రీకి 4.5 నుంచి 5.5 మధ్యలో కావాలి. అందుకే నేలలో వద్దు, కుండీలోనే.

ఇదిగో, 20 గాలన్ల కుండీ. చిల్లులున్నాయి కదా, సరే. పీట్ మాస్, అంటే కుళ్లిన నాచు, సగం, సన్నటి పైన్ బెరడు సగం. కలిపేయండి. ఆ, పీట్ మాస్ పొడిగా ఉంటే నీళ్లు పీల్చదు, ముందే గోరువెచ్చటి నీళ్లతో తడిపి పెట్టుకోండి. పెరటి మట్టి గుప్పెడు కూడా వద్దు. మొక్క పాత కుండీలో ఎంత లోతులో ఉందో అంతే లోతు... ఇలా. పైన బెరడు రెండంగుళాలు. బ్లూబెర్రీలో రాబిట్‌ఐ జాతి రకాలు తీసుకోండి, టిఫ్‌బ్లూ పక్కన బ్రైట్‌వెల్. ఒక్క రకమే పెడితే కాయ సరిగ్గా పట్టదు.

ఇప్పుడు నీళ్లు. ఇది కాస్త ఆగి చూడండి, చాలామందికి మొక్క పాడయ్యేది ఇక్కడే. మట్టి ఎంత బాగా కలిపినా, కొళాయి నీళ్లలో బైకార్బొనేట్, అంటే ఆమ్లాన్ని విరిచేసే లవణం, ఉంటే రోజూ పోసేకొద్దీ పీహెచ్ పైకెక్కుతూనే ఉంటుంది. మొక్కకి ఇనుము అందదు. ఈ ఆకు చూడండి, కొత్త ఆకు, పసుపు రంగు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ. అదీ గుర్తు. నీళ్లకి పీహెచ్ స్ట్రిప్ ఒక్కటే చాలదు, ఆక్వేరియం షాపులో కేహెచ్ స్ట్రిప్స్ దొరుకుతాయి, బైకార్బొనేట్ ఎంతుందో అవి చెప్తాయి. నన్నడిగితే ముందు కొనాల్సింది అవే.

మరి వెనిగర్? గాలన్‌కి ఒక టేబుల్‌స్పూన్ కలిపితే పీహెచ్ దిగుతుంది, నిజమే. కానీ ఆ ఆమ్లాన్ని మట్టిలోని సూక్ష్మజీవులు తినేస్తాయి, పీహెచ్ మళ్లీ ఎక్కుతుంది. వాననీళ్లే మేలు. చూరు కింద డ్రమ్ము పెట్టుకోండి.

ఎరువు, అజేలియా పూలమొక్కలకి అమ్మేదే, ప్యాకెట్ మీద ఉన్నంతే. నైట్రేట్ ఎరువులు వద్దు. గుడ్డు పెంకులు, బూడిద అసలే వద్దు, సున్నం పోసినట్టే. మొదటి ఏడాది పూలు గిల్లేయండి, కొమ్మలు బలపడతాయి.

కాయలు రంగు తిరగ్గానే వల కప్పండి, పిట్టలు వదలవు. నీలంగా మారిన రోజే కోయకండి, మూడు నాలుగు రోజులు ఆగండి. తొడిమ దగ్గర ఎర్రగా కనిపిస్తే ఇంకా పులుపే.