ఐదంకెల నంబరు, తలుపున్న గది

శ్రోతలందరికీ నమస్కారం.

14416. మళ్లీ చెబుతున్నాను: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. ఇది టెలీమానస్ నంబరు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. డబ్బులు పడవు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణంపై వచ్చిన కేసులో, ఇలాంటి నంబర్లను హాస్టళ్లలో, తరగతుల్లో పెద్ద అక్షరాలతో పెట్టాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది.

సరే, నంబరు పెట్టారు. ఎక్కడ పెట్టారు?

గురుకులంలో ఎనిమిదో తరగతి పిల్ల అనుకోండి. పోస్టరు ప్రిన్సిపాల్ గది బయట ఉంది. చదవాలంటే అక్కడ నిలబడాలి. నిలబడితే, అటుగా వెళ్లే టీచరు "ఏంటమ్మా, ఇక్కడున్నావ్?" అంటారు. ప్రేమగానే అంటారు, కానీ పిల్ల వెళ్లిపోతుంది. ఇక ఫోను వార్డెన్ బల్ల మీద. పక్కనే రిజిస్టరు: పేరు, ఎవరికి, ఎందుకు. ఆ "ఎందుకు" దగ్గర పిల్ల పెన్ను ఆగిపోతుంది.

అందుకే పోస్టరు బాత్రూం తలుపుకు లోపలివైపు అంటించండి. గడియ పెట్టుకున్నాక ఒంటరిగా చదువుకునే చోటు హాస్టల్లో అదొక్కటే. నేలకు నాలుగడుగుల ఎత్తున, తడుస్తుంది కాబట్టి లామినేషన్ చేయించి. అంకెలు కనీసం రెండంగుళాలు. కింద సూక్తులు వద్దు. మొదట ఏం మాట్లాడాలో రాయండి, ఎందుకంటే చాలామంది పిల్లలకు అక్కడే మాట రాదు. "నాకు నిద్ర పట్టడం లేదు. ఎవరితోనైనా మాట్లాడాలని ఉంది." ఇంత చాలు. ముందుగా భాష ఎంచుకోమంటారని కూడా ఒక ముక్క రాయండి. లేకపోతే రికార్డు గొంతు వినగానే పెట్టేస్తారు.

ఫోను తలుపున్న గదిలో ఉండాలి. కౌన్సెలింగ్‌కని వేరే ఫోను పెట్టకండి. దాని దగ్గరికి వెళ్లిన పిల్ల సాయంత్రానికి బడంతటికీ తెలిసిపోతుంది. ఇంటికి మాట్లాడే ఫోనే, అదే గది, ఆటల సమయంలో. అమ్మతో మాట్లాడిందో, 14416తో మాట్లాడిందో బయట క్యూలో ఉన్నవాళ్లకు తెలియకూడదు. రిజిస్టరులో "ఎందుకు" గడి కొట్టేయండి.

ఎవరైనా హింసిస్తున్నారంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. ఆ నంబరు కూడా పక్కన రాయండి. పిల్ల చనిపోవాలనుందని అంటే మాత్రం నంబరు చేతికిచ్చి వదిలేయకూడదు. ఒక్క నిమిషం కూడా ఒంటరిగా ఉంచకుండా పక్కనే ఉండి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంకొకటి, సెలవుల సంగతి. ఇళ్లకు వెళ్లే వారం ముందు అదే తలుపు మీద ఇంకో కాగితం పెట్టండి. అంచున నంబరు రాసిన చీటీలు, చింపుకోవడానికి వీలుగా కత్తిరించి. మొదటి చీటీ చింపడానికి ఏ పిల్లకూ ధైర్యం చాలదు. కాబట్టి మీరే ముందు మూడు చింపేసి పెట్టండి.